ఔషధవిద్యలో పునాది పాఠములు

(యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము కరీంనగరమున చేసిన ఉపన్యాసము)



ఎవరి స్మృత్యర్థము మనమీ సాయంకాలము ఇచ్చట కూడితిమో, ఆ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టి, 1948లో న్యూయార్కున కన్నుమూసిన మహానుభావులు. కరీంనగరముతో ఆయనకు జన్మసంబంధము గాని, బంధుసంబంధము గాని లేదు. అయినను బోదకాలు వ్యాధి ఈ జిల్లాలో ఎన్ని ఇండ్ల గడపలు తొక్కినదో, ఎందఱు రైతుకూలీలను నాటుమళ్ళనుండి నులకమంచమునకు చేర్చినదో ఎఱిగినవారికి ఆయన పరాయివాడని తోపదు. 2004వ సంవత్సరమునుండి దేశమందు సాగిన సామూహిక ఔషధ వితరణలో ఆరోగ్య కార్యకర్తలు మన ఊళ్ళలో ఇంటింటికి పోయి తమ కండ్లయెదుట మ్రింగించిన డి.ఇ.సి. మాత్ర, లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి నేతృత్వమున హెట్రజాన్ అను పేరుతో రూపొందిన మందే. ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్, లుకేమియా చికిత్సకు బాటవేసిన ఫోలిక్ ఆమ్ల విరోధులు మున్నగు ఇతర కార్యములను గుఱించి ఈ సభలో నాకంటె బాగుగ చెప్పగలవా రున్నారు; నేను వానిజోలికి పోను.

ఆయన బాల్యమునకు సంబంధించిన ముచ్చట యొకటి మన పాఠశాలలలో తఱచుగా వినబడును. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన రెండుమార్లు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. ఇది చెప్పి, తప్పినవాడే గొప్పవాడయ్యెనని ముగించుట పరిపాటి. నాకీ ముగింపు ఎన్నడును రుచింపలేదు. తప్పుటలో గొప్పతనమేమియు లేదు. తప్పి, మరల ఎవరును పిలువనందున ఇంటనే మిగిలిపోయినవారు లెక్కకు మిక్కిలి గలరు, వారి చరిత్రలు ఎవ్వరును వ్రాయలేదు. సుబ్బారావుగారి విషయమున గణింపదగినది, రెండుమార్లు తప్పిన కుమారుని మూడవమారు బడికి పంపిన తల్లి వేంకమ్మగారి పట్టుదల. తప్పివచ్చిన విద్యార్థిని చేర్చుకొన్న ఆ బడియొక్క ఔదార్యము. తరువాత మదరాసు వైద్యకళాశాలలో శస్త్రవైద్యమున ఆయన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు చాలినవాడుగ ఎంచబడక ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే బయటపడిరి, ఖద్దరు ధరించుట ఆచార్యునకు కంటగింపయ్యెనని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. పరీక్షాఫలితమున విద్యార్థి శక్తియే గాక, విద్యాలయపు స్వభావము కూడ కలిసియుండునని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

నేడు నేను మాటలాడదలచినది ఆ మూడవ అవకాశమును గుఱించి. ఔషధ విద్యాలయములలోను, వైద్య, నర్సింగు కళాశాలలలోను చేరి మొదటి యేటనే తడబడు విద్యార్థి విషయమున మనమేమి చేయుచున్నాము, ఏమి చేయవలసియున్నది అనునది నా విషయము. నా అభిప్రాయమును ముందే విన్నవించెదను. తప్పిన పిమ్మట చేయు సహాయము చాలవఱకు కాలాతీతము. తడబాటు కనబడిన మొదటి పక్షముననే, పాఠము చెప్పు గురువే, విద్యార్థి నిజముగ నిలిచియున్న చోటునుండి చేయిపట్టి నడిపించినపుడే అది సహాయమనిపించుకొనును. అట్లు నడిపించుటకు ప్రమాణమును వీసమెత్తయినను తగ్గింపనక్కఱలేదు, తగ్గింపను రాదు.

ఈ ప్రశ్న మన ప్రాంతమునకు నేడు మునుపటికంటె దగ్గఱగ వచ్చినది. పాత కరీంనగరము, పాత ఆదిలాబాదు జిల్లాలలో చదివిన పిల్లలు ఒకప్పుడు వైద్యవిద్యకై హైదరాబాదునకో, వరంగల్లునకో పోవలసియుండెను. 2008లో ఆదిలాబాదున రిమ్స్ వైద్యకళాశాల వెలసినది. ఆ సంవత్సరముననే కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము నెలకొన్నది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండములందును, 2023లో కరీంనగరము, సిరిసిల్ల, నిర్మలు, ఆసిఫాబాదులందును ప్రభుత్వ వైద్యకళాశాలలు తెఱువబడినవి. ఔషధ విద్యాలయములు అంతకు ముందునుండియే పట్టణముల చుట్టును కలవు. సిరిసిల్ల సాంచెలమీద బ్రతుకు నేతకార్మికుని కుమార్తె, కోరుట్ల బీడీ కార్ఖానా లెక్కలలో పేరున్న తల్లి కుమారుడు, గోదావరిఖని గనికార్మికుని బిడ్డ, దుబాయిలో తండ్రియు ఇంటివద్ద నాయనమ్మయు గల పిల్లవాడు, ఉట్నూరు ఆశ్రమ పాఠశాలలో చదివిన గోండు బాలిక, వీరందఱును ఒకే తరగతిగదిలో కూర్చుండు దినములు వచ్చినవి. ఇది ఆనందింపదగిన విషయము. కాని తలుపు తెఱచినంతమాత్రమున లోపలికి వచ్చినవారి బాధ్యత తీఱిపోదు.

బి.ఫార్మసీ విద్యకు వచ్చు మన పిల్లలు ఇంటర్మీడియట్‌లో రెండు గుంపులుగ చీలి వచ్చెదరు. ఎంపీసీ చదివినవారికి గణితము తెలిసి జీవశాస్త్రము తెలియదు. బైపీసీ చదివినవారికి జీవశాస్త్రము తెలిసి గణితము పదవ తరగతితోనే ముగిసియుండును. పదునాఱేండ్ల వయస్సున, పెక్కుమారులు ఇరుగుపొరుగువారి మాటమీదనో, కళాశాల ప్రచారపత్రము మీదనో చేసిన ఎన్నిక యిది. దీని పర్యవసానమును భారత ఔషధ మండలి గుర్తింపకపోలేదు. 2008 నాటి ఫార్మ్.డి. నిబంధనలలోను, తరువాత బి.ఫార్మసీకి వెలువడిన పాఠ్యప్రణాళికలోను మొదటి మెట్టుననే ఎంపీసీవారికి రెమెడియల్ బయాలజీ, బైపీసీవారికి రెమెడియల్ మ్యాథమెటిక్స్ అను పాఠ్యాంశములను చేర్చినది. ఇందులకు మండలిని మనసార అభినందింపవలెను. వెలితిని విద్యార్థి దోషముగ గాక, వ్యవస్థ పూరింపవలసిన ఖాళీగ చూచిన ఉద్దేశ మిందు కలదు.

ఉద్దేశము మంచిది, అమలులో దాని కేమి గతి పట్టినదో చూడవలసియున్నది. బి.ఫార్మసీలో ఈ రెమెడియల్ గణితమునకు కేటాయించినది వారమునకు రెండు గంటలు, సెమిస్టరు మొత్తమునకు ముప్పది గంటలు. శరీర నిర్మాణశాస్త్రమునకు, ఫార్మాస్యూటిక్స్‌కు, ఇతర ప్రధాన విషయములకు మూడు గంటల బోధనతోపాటు ఒక్కొక్క ట్యుటోరియల్ గంట యున్నది. ఈ పాఠ్యాంశమునకు అదియు లేదు. ఈ ముప్పది గంటలలో చెప్పవలసినవి: పార్షియల్ ఫ్రాక్షన్లు, లాగరిథములు, లిమిట్లు, మాత్రికలు, కలనగణితము, విశ్లేషక రేఖాగణితము, అవకల సమీకరణములు, చివరకు లాప్లాస్ పరివర్తనలు. రెండేండ్లు గణితపు పుస్తకము ముట్టని విద్యార్థిని, ఇంటర్మీడియట్ రెండేండ్ల గణితమును దాటించి ఇంజనీరింగు విద్యార్థి చదువు అధ్యాయమువఱకు ముప్పది గంటలలో కొనిపోవుట పునాది వేయుట కాదు. అది వేఱొక కఠిన పాఠ్యాంశమును కుదించి చెప్పుట. మందు శరీరమున ఎట్లు వ్యాపించి ఎట్లు బయటపడునో లెక్కించు శాస్త్రమునకు ఆ సమీకరణములు పై తరగతులలో పనికివచ్చునన్న మాట నిజమే. కాని మొదటి సెమిస్టరులో విద్యార్థి తడబడునది లాప్లాస్‌వద్ద కాదు.

అతడు తడబడునది నిష్పత్తివద్ద, శాతమువద్ద, దశాంశబిందువువద్ద. అదే సెమిస్టరున ఫార్మాస్యూటిక్స్ పాఠములో శాతద్రావణములు, ఎలిగేషన్ లెక్కలు, పిల్లల మోతాదులు వచ్చును. తొంబదియైదు శాతపు ఆల్కహాలును నీటితో కలిపి డెబ్బది శాతమునకు తేవలెనన్న, డెబ్బది పాళ్ళ ఆల్కహాలునకు ఇరువదియైదు పాళ్ళ నీరు అని పట్టికగీచి చెప్పు విద్యార్థులు పెక్కురు గలరు. అట్లేల వచ్చినదో చెప్పుమన్న వారిలో కొందఱు మాత్రమే మిగులుదురు. సూత్రమును కంఠస్థము చేసినవాడు పరీక్షలో నెగ్గి దుకాణములో తప్పును.

ఇందలి అపాయము మందులకొట్టు బల్లవద్ద నిలిచి చూచినవారికి సులభముగ తెలియును. పండ్రెండు కిలోల బరువుగల బిడ్డకు జ్వరము వచ్చినది; వైద్యుడు కిలోకు పదునైదు మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ ఇమ్మనెననుకొందము. వలసినది నూటయెనుబది మిల్లీగ్రాములు. అలమారలో రెండు సీసాలు కలవు: ఒకదానియందు అయిదు మిల్లీలీటర్లకు నూటయిరువది మిల్లీగ్రాములు, రెండవదానియందు అయిదు మిల్లీలీటర్లకు రెండువందలయేబది. మొదటిదైన ఏడున్నర మిల్లీలీటర్లు పోయవలెను. రెండవదైన మూడు దశాంశము ఆఱు. మొదటి సీసా లెక్కను రెండవ సీసాకు వాడితిమా, బిడ్డకు చేరునది ఇబ్బడికి మించిన మోతాదు. లెక్క అయిదవ తరగతిదే, ఫలితము ప్రాణసంబంధమైనది. డి.ఇ.సి. మాత్రలు పంచునపుడు సైతము రెండునుండి అయిదేండ్లవారికి నూఱు, ఆఱునుండి పదునాలుగేండ్లవారికి రెండువందలు, ఆపైవారికి మూడువందల మిల్లీగ్రాములని వయస్సునుబట్టి పట్టిక నిర్ణయించుటలోని ఉద్దేశము, పంచువారు లెక్కలో తప్పకుండుటయే. ఔషధవేత్తకు పట్టిక ఎల్లప్పుడును దొరకదు. పట్టిక వెనుకనున్న లెక్క ఆతని చేతిలో నుండవలెను.

ఇక రెమెడియల్ గణితము కావలసిన బైపీసీవారికి మఱియొక నష్టము కలదు. వారి కౌన్సెలింగు సాధారణముగ ఎంపీసీవారి కౌన్సెలింగునకు చాల తరువాత జరుగును. ఎవరికి ముప్పది గంటలు చాలవో వారే ఆలస్యముగ వచ్చి, అందులో కొన్ని గంటలను పోగొట్టుకొందురు. వారు హాస్టలులో పెట్టె దించునప్పటికి మొదటి సెషనల్ పరీక్ష వాకిట నిలిచియుండును. దీనికి ఎవరిని నిందించినను ఫలము లేదు. కాని కళాశాల కాలపట్టిక వ్రాయువారు ఈ సంగతి ఎఱుగనట్లు వ్రాయుట న్యాయము కాదు.

ఎంపీసీవారి జీవశాస్త్రము విషయమున లోపము వేఱు. వారికి చెప్పు ముప్పది గంటలలో జీవరాజ్యముల వర్గీకరణము, పుష్పించు మొక్కల స్వరూపము, జీర్ణవ్యవస్థ, రక్తప్రసరణము, కిరణజన్య సంయోగక్రియ, చివరి భాగమున కణము, కణజాలములు వచ్చును. పక్కనే మానవ శరీర నిర్మాణ పాఠమున మొదటి వారమే కణముతో ఆరంభమగును! పునాది పాఠములో కణము సెమిస్టరు చివర. దానిపై కట్టవలసిన గోడ సెమిస్టరు మొదట. ఈ క్రమమును తలక్రిందులు చేసికొనుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. ఇద్దఱు అధ్యాపకులు ఒక గంటసేపు కూర్చుండి మాటలాడుకొన్న చాలును.

భాష విషయమున కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. కెరమెరి, సిర్పూరు ప్రాంతములనుండి వచ్చు విద్యార్థికి ఇంటిలో గోండియో, కొలామీయో, ఊరిలో మరాఠీ కొంత, బడిలో తెలుగు, ఇంటర్మీడియట్‌లో పేరునకు ఇంగ్లీషు, కళాశాలలో పాఠ్యపుస్తకము పూర్తిగ ఇంగ్లీషు. గోదావరికి ఈవలియొడ్డున ఉన్నవారికిని మెట్లు తక్కువైనను, చివరి మెట్టు ఒకటే. ఈ కష్టము మన నేలకు క్రొత్తది కాదు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రమును సహితము ఉర్దూలో బోధించిరి. అందులకై గ్రంథములను అనువదింపజేయుటకు ప్రత్యేక అనువాద సంస్థనే నెలకొల్పిరి. తెలుగింటి పిల్లవాడు ఆనాడు ఉర్దూ మెట్టెక్కినాడు, నేడు ఇంగ్లీషు మెట్టెక్కుచున్నాడు. ఆనాటి పాలకులు భాషను మార్చుటతోపాటు గ్రంథములు సిద్ధముచేయుట తమ పనియని తలచిరి. నేడు ఆ భారమంతయు పదునెనిమిదేండ్ల విద్యార్థి నెత్తిన పడినది. ఉత్తరపత్రమున రెండు వాక్యములు వ్రాసి ఆపివేసిన విద్యార్థికి విషయము తెలియదని తలచుట తొందరపాటు. నోటితో, తెలుగులో అడిగి చూడవలెను. రక్తపుపోటు మందు మూత్రపిండముపై ఎట్లు పనిచేయునో తెలుగులో చక్కగ చెప్పగలిగినవానికి కావలసినది ఔషధశాస్త్రమున పునఃశిక్షణము కాదు. చెప్పినదానిని ఇంగ్లీషులో వ్రాయు అభ్యాసము. ఈ రెండు రోగములకు ఒకే మందు వేయుట మనమే విద్యార్థులకు నేర్పు నిదాననియమమునకు విరుద్ధము.

ఈ సందర్భమున ఆదిలాబాదు అడవులలో జరిగిన ఒక కార్యమును స్మరింపక ముందునకు సాగలేను. 1940లో జోడేఘాట్ వద్ద గోండు నాయకుడు కుమురం భీము నేలకొఱిగిన పిమ్మట, గోండుల అసంతృప్తికి మూలమేమో విచారించుటకు నైజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫును నియోగించినది. ఆయన మార్లవాయి గ్రామమున గోండుల నడుమ గుడిసె కట్టుకొని నివసించినారు. భూమి సమస్యతోపాటు, చదువురానితనమువలన గోండులు ప్రతి కాగితమువద్ద మోసపోవుట ఆయన గమనించి, 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణకేంద్రమును నెలకొల్పజేసిరి. గోండుల పాఠశాలలకు గోండులే ఉపాధ్యాయులు కావలెను. కాని చదువు వచ్చిన గోండులు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది. అట్టిచోట ఏమి చేసిరి? చదువు వచ్చినవారు దొరకునంతవఱకు ఆగలేదు. అక్షరములు వచ్చీరాని యువకులను చేర్చుకొని, వారి మాతృభాషయైన గోండిలో, ఆ ప్రాంతమున మరాఠీద్వారా పరిచయమున్న నాగరి లిపిలో వాచకములు తయారుచేయించి, వారినే ఉపాధ్యాయులుగ తీర్చిదిద్దిరి. గోండిలో చదువు కుదిరిన పిమ్మట తక్కిన భాషలవైపు నడిపించిరి.

మార్లవాయి వృత్తాంతమున నన్ను ఆకర్షించునవి రెండు గలవు. ఆ యువకుడు నేర్చుకొన్నది తనకొఱకు మాత్రమే కాదు; కొలదికాలములో తన గూడెపు పిల్లల యెదుట నిలిచి అది చెప్పవలసియుండెను. ఎవరికైన చెప్పవలసియున్న పాఠమును మనస్సు పట్టుకొను తీరు వేఱు. ఇక రెండవది, ఆ కేంద్రములో చేరుట అవమానముగ గాక గౌరవముగ భావింపబడెను. ఏమియు రానివారని ఎవరిని తక్కిన లోకము త్రోసిపుచ్చినదో వారే అచ్చట గురువులగుటకై వచ్చినవారు. హైమన్‌డార్ఫు దంపతుల సమాధులు నేటికిని మార్లవాయిలో కలవు. అచ్చటి గోండులు వారిని తమవారుగనే తలంతురు. మన కళాశాలల రెమెడియల్ తరగతి తలుపుమీద వెనుకబడినవారి జాబితా అంటించి, ఇతరులు చూచి నవ్వుకొను ఏర్పాటును, దీనితో పోల్చి చూడుడు.

దూరదేశమున, చాల కాలము తరువాత, మఱియొక ఆచార్యుడు ఇంచుమించు ఇదే తథ్యమునకు వచ్చినాడు. 1970 దశకపు ఉత్తరార్ధమున కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున యూరీ ట్రైస్మన్ అను గణితశాస్త్రజ్ఞుడు, కలనగణితమున నల్లజాతి విద్యార్థులు పెక్కురు విఫలులగుచుండగా చైనా సంతతివారు రాణించుటకు కారణమేమని పరిశోధించెను. పట్టుదల లేదనియు, ఇంటివారి ప్రోత్సాహము లేదనియు, పునాది లేదనియు సహోద్యోగులు చెప్పిన కారణములు నిలువలేదు. వారి వసతిగృహములకు పోయి, వారెట్లు చదువుకొందురో దగ్గఱనుండి చూచినపుడు తెలిసినది: విఫలులగువారు కష్టపడుచునే యున్నారు, కాని ఒంటరిగ, రాణించువారు తాము చేసిన లెక్కలను తెచ్చుకొని గుంపుగ కూర్చుండి, ఒకరి తప్పులనొకరు దిద్దుకొనుచున్నారు. అందుపై ట్రైస్మన్ ఏర్పఱచినది తేలిక లెక్కల తరగతి కాదు. కఠినమైన లెక్కలను కలిసి సాధించు కార్యశాల. దానికి పేరు కూడ వెనుకబడినవారిదిగ గాక, ప్రతిభావంతులదిగ పెట్టెను. ఆ కార్యశాలకు వచ్చినవారు ఎంతో మెఱుగైన ఫలితములు సాధించిరి. తడబాటును ముందుగ పట్టుకొనుట విషయమునకు వచ్చినచో, అమెరికాలోని ఔషధవిద్యకు గుర్తింపు నిచ్చు మండలి తన 2016 ప్రమాణములలో విద్యార్థి వెనుకబడు సూచన కనబడగనే ముందుగ జోక్యము చేసికొనవలెనని ప్రత్యేకముగ వ్రాసినది. వ్రాయుట సులభమే, చేయుట ఆయా కళాశాలల గుణమునుబట్టి యుండును.

మన వైద్యవిద్యలోను 2019లో వచ్చిన సామర్థ్యాధార పాఠ్యప్రణాళికతో ఒక మంచి మార్పు జరిగినది. విద్యార్థి లాగుబుక్కున ఒక్కొక్క నైపుణ్యమునకు ఎదుట అధ్యాపకుడు పూర్తియైనదనియో, మరల చేయవలెననియో, పునఃశిక్షణ మవసరమనియో గుర్తు వేయవలెను. రక్తపుపోటు కొలుచుట రానివానికి ఏడాది చివర సున్న మార్కులు వేయుటకన్న, ఆనాడే గుర్తించి మరల నేర్పి మరల చేయించుట ఎంతయో మేలు. 2023 నిబంధనలు మొదటి సంవత్సర పరీక్షలకు నాలుగు ప్రయత్నములకు మించి ఇయ్యరాదని కట్టడి చేసినవి. కట్టడి యున్నచోట ఆ లాగుబుక్కు గుర్తునకు విలువ మఱింత పెరుగును. కాని పరిశీలన వచ్చుదినమునకు ముందు రాత్రి లాగుబుక్కులన్నింటను ఒకే సిరాతో పూర్తియైనదను గుర్తు వేయు అలవాటు పోవునంతవఱకు ఆ మంచి మార్పు కాగితముననే యుండును.

ఇంకొక వర్గపు విద్యార్థిని గుఱించి చెప్పుదును. వీరిని మనము చాలవఱకు గుర్తింపము. వైద్యుడు కావలెనని దీర్ఘకాల శిక్షణలో ఒకటి రెండేండ్లు గడిపి, నీట్‌లో సీటు రాక, బి.ఫార్మసీలో చేరిన బైపీసీ విద్యార్థి యతడు. అతనికి జీవశాస్త్రము మనకంటె బాగుగ వచ్చును. గణితము నేర్పిన నేర్చుకొనును. కాని తరగతిలో కూర్చుండి కిటికీలోనుండి బయటకు చూచును. మొదటి సెమిస్టరున రెండు బ్యాక్‌లాగులు, రెండవదానియందు మూడు. ఇతనికి ముప్పదికి బదులు నూఱు గంటల రెమెడియల్ తరగతులు చెప్పినను ఫలింపదు. ఇతడు తెలియక తప్పుటలేదు. తాను చేరిన చదువు పనికిరానిదని తలచి తప్పుచున్నాడు. ఇతనికి కావలసినది, ఔషధవేత్త లేని ఆసుపత్రిలో ఏమి జరుగునో చూపువారు. జిల్లా ఆసుపత్రి ఔషధ విభాగమున ఒక పూట నిలువబెట్టి, మధుమేహము, రక్తపుపోటు, కీళ్ళనొప్పులు మూడును గల ముసలమ్మ చేతిలోని మూడు చీటీలను చదివించి, అందులో రెండు మందులు ఒకదానితో నొకటి పొసగవని అతనిచేతనే కనిపెట్టించినచో, ఆనాటినుండి అతడు కిటికీవైపు చూడడని నా నమ్మకము.

ఇట్లు చెప్పినపుడు ఒక ఆక్షేపము వచ్చును. ఇట్టివారిని చేర్చుకొనుటయే తప్పు కదా, చేర్చుకొని చేయిపట్టి నడిపించి పట్టాలిచ్చినచో రేపు రోగి ప్రాణమునకు బాధ్యులెవరు అని. ఈ ప్రశ్న వేయువారి భయమును నేను తేలికగ తీసికొనను. మందుల విద్యలో దయ రోగిని మఱచినచో అది దయ కాదు. ఔషధ మండలి నిబంధనల ప్రకారము మొదటి మూడు సెమిస్టరుల బ్యాక్‌లాగులతో నాలుగవ సెమిస్టరు పరీక్షలవఱకు పోవచ్చును. కాని మొదటి రెండు సెమిస్టరుల పాఠ్యాంశములన్నియు ఉత్తీర్ణము కానిదే అయిదవ సెమిస్టరు తరగతులకు పోరాదు. ఉత్తీర్ణతకు నూటికి యేబది మార్కులు రావలెను; హాజరు నూటికి ఎనుబది యుండవలెను. ఈ గేటులను నేను సమర్థించుచున్నాను. వానిని సడలింపుమని ఈ వేదికనుండి అడుగబోను. కాని గేటువద్ద కావలి కాయుట మాత్రమే తన ధర్మమని భావించు విద్యాలయము, మొదటి సెమిస్టరున దశాంశబిందువు తప్పిన విద్యార్థిని నాలుగవ సెమిస్టరు చివర, రెండేండ్ల రుసుములు చెల్లించిన పిమ్మట, నీవు పనికిరావని ఇంటికి పంపుట ప్రమాణరక్షణము కాదు. ఆ తప్పును మొదటి నెలలోనే చూపియుండిన, అతడు దిద్దుకొనియుండును. ఆలస్యముగ చెప్పిన సత్యమువలన రోగికి గాని, విద్యార్థికి గాని మేలు కలుగలేదు.

అందుచేత, ఈ సభలోనున్న అధ్యాపకులతో నేను చెప్పదలచినది పెద్ద సంస్కరణ యేదియు కాదు. రెమెడియల్ పాఠ్యాంశమునకు విశ్వవిద్యాలయ పరీక్ష లేదు. అంతర్గతముగ పదునైదు, సెమిస్టరు చివర ముప్పదియైదు, మొత్తము యేబది మార్కులకు కళాశాలయే పరీక్షించును. పైవారి ప్రశ్నపత్రమునకు భయపడనక్కఱలేని ఈ స్వాతంత్ర్యమును మనము ఉపయోగించుకొనుట లేదు. లాప్లాసును విడువవలెనని నేననను. దానికి మూడు గంటలు చాలును. మొదటి పది గంటలను నిష్పత్తికి, శాతమునకు, మెట్రిక్ కొలతలకు, మోతాదు లెక్కలకు ఇయ్యవచ్చును. చేరిన మొదటి పక్షములో మార్కులు వేయని పరీక్ష యొకటి పెట్టి, ఏ విద్యార్థి ఎచ్చట నిలిచియున్నాడో అధ్యాపకుడు తన పుస్తకమున వ్రాసికొనవలెను. సెషనల్ ఉత్తరపత్రములను దిద్ది, పదిదినములు దాటకుండ తిరిగి ఇయ్యవలెను. తిరిగి ఇచ్చునాడు తప్పిన ప్రశ్ననే మరల చేయింపవలెను. చదివినదానిని మరల మరల చదువుటకన్న, పుస్తకము మూసి తానే జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసినవారికి వారము గడచిన పిమ్మట ఎక్కువ నిలుచునని రోడిగర్, కార్పికీ అను ఇద్దఱు మనశ్శాస్త్రజ్ఞులు 2006లో ప్రయోగపూర్వకముగ చూపిరి. మన పల్లెబడులలో అప్పజెప్పించుకొను పంతుళ్ళు ఈ సంగతిని ఎఱిగియే యుండిరి.

సెషనలులో మార్కులు తగ్గినవారికి నిబంధనలు ఒక ఇంప్రూవ్‌మెంటు పరీక్ష వ్రాయు అవకాశ మిచ్చుచున్నవి. ఆ పరీక్షకు ముందు రెండువారములు, ట్యుటోరియల్ గంటలలో, పై తరగతి విద్యార్థులను నలుగురికొకరుగ ఈ విద్యార్థులతో కలిపి కూర్చుండబెట్టుడు. పై తరగతివారికి అందువలన మార్కులు రాకపోయినను నష్టము లేదు. తాము మఱచినవానిని మరల నేర్చుకొందురు. గోండు, కొలాము, లంబాడా విద్యార్థులకు సాధ్యమైనంతవఱకు వారి భాష తెలిసిన పై తరగతివారినే ఏర్పాటు చేయుడు. గుంపులో బలమైన విద్యార్థులు కూడ ఉండవలెను. తడబడువారిని మాత్రమే ఏఱి ఒకచోట పెట్టితిరా, మరల ఆ జాబితా తలుపుమీదికి ఎక్కును.

చివరగ ఒక చిన్న విన్నపము. ఈ ట్యుటోరియల్ గంటను కాలపట్టికలో శనివారపు చివరి పీరియడుగ వేయకుడు. ఉట్నూరు, ఆసిఫాబాదు, బోథ్ పోవలసిన పిల్లలు ఆ గంటలో బస్సుకై లేచిపోవుదురు. ఈ గంట ఎవరికొఱకు ఏర్పడినదో వారే అందులో నుండరు. మంగళవారమో, బుధవారమో, ఉదయము రెండవ పీరియడున వేయుడు. ప్రయోగశాల ఖాళీ లేదని ఎవరైన చెప్పినచో, ఎలిగేషనుకు ప్రయోగశాల అక్కఱలేదనియు, నల్లబల్ల చాలుననియు చెప్పుడు.